నలుసని చెప్పాను

కంటి చుక్కలమందులన్నీ ఆపేసి కొన్ని వారాలైంది. నొప్పి లేదు. వెలుతురు చూస్తే గోడవైపు తిరిగి పడుకోవడం లేదు. ఇంక రాయొచ్చు అనిపించింది. ఇన్నాళ్ళూ రాయకపోవడానికి కన్ను సగం కారణమైతే సిగ్గు సగం. జబ్బు చేసినందుకు సిగ్గుపడకూడదని ఊళ్ళో అందరికీ ధైర్యం చెబుతుంటాం కదా. నా సిగ్గు మాత్రం జబ్బుకంటే ముందు వచ్చింది. జబ్బుని తెచ్చిపెట్టిందీ అదే, జబ్బు తగ్గాక కూడా వెళ్ళకుండా తిష్ఠ వేసిందీ అదే. లెన్సులు పెట్టుకుని పనికి వెళ్ళేవాళ్ళు ఎవరైనా చదివి, నేను చేసిన తెలివితక్కువ పనుల్లో ఒక్కటి మానుకున్నా చాలని రాస్తున్నాను.

నేను ఆటోనగర్‌లో ఒక ఫాబ్రికేషన్ షెడ్డులో సేఫ్టీ ఆఫీసర్ని. ఇనుప పలకలు కోసి, అతికించి, నున్నగా రుద్ది, పెద్ద కంపెనీలకి ట్యాంకులూ మెట్లూ తయారుచేస్తాం. ఆ షెడ్డులో నా ఉద్యోగం అందరికీ చిరాకు తెప్పించడం. హెల్మెట్ ఏది, బెల్టు ఏది, గాగుల్స్ నుదుటిమీద ఎందుకున్నాయి అని తిరుగుతూ ఉంటాను. పొద్దున పని మొదలయ్యే ముందు అందరినీ నిలబెట్టి ఉపన్యాసం కూడా ఇస్తాను. వాళ్ళు వింటున్నట్టు ముఖాలు పెడతారు, నేను నమ్మినట్టు ముఖం పెడతాను.

నాకు చిన్నప్పటినుంచీ దూరం ఆనదు. నాన్న గోదావరి జిల్లా నుంచి స్టీలు ప్లాంటు ఉద్యోగానికి వచ్చి ఉక్కునగరం క్వార్టర్లో కాపురం పెట్టారు. మా సెక్టారు పిల్లల్లో కళ్ళజోడు ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. నా అసలు పేరు మా బడిలో టీచర్లకే తెలుసు, మిగతా ప్రపంచానికి నేను సోడాబుడ్డిని. క్రికెట్ ఆడేటప్పుడు అంపైరుగా నిలబడతానన్నా నవ్వేవారు. ఇంజనీరింగులో చేరిన ఏడాది అమ్మని బతిమాలి లెన్సులు కొనిపించుకున్నాను. మొదటిసారి పెట్టుకుని అద్దంలో చూసుకున్నప్పుడు, ఇన్నాళ్ళూ ఈ ముఖం ఎక్కడ దాక్కుంది అనుకున్నాను. ఆ తరవాత కళ్ళజోడు పడగ్గది దాటి బయటికి రాలేదు. పెళ్ళయ్యాక సుధ ఒక్కతే దాన్ని నా ముఖంమీద చూసింది.

లెన్సుల తప్పు ఏమీ లేదని ముందే చెప్పాలి. జాగ్రత్తగా ఉన్నన్నాళ్ళు పొద్దున పెట్టుకుంటే సాయంత్రం దాకా అవి కళ్ళల్లో ఉన్న సంగతే తెలిసేది కాదు. చేతులు సబ్బుతో కడిగి, పొడిగా తుడుచుకుని, ద్రావణంతో శుభ్రం చేసి, డబ్బాలో పెట్టి పడుకునేవాణ్ణి. కళ్ళు ఆరితే చుక్కలు వేసుకునేవాణ్ణి. షెడ్డులో అవి నాకు వరంలా ఉండేవి. కళ్ళజోడు మీద గాగుల్స్ పెడితే విశాఖపట్నం ఉక్కకి నిమిషంలో రెండూ మసకబారతాయి, ముక్కుమీంచి జారతాయి. లెన్సుల మీద గాగుల్స్ హాయిగా కూర్చుంటాయి. సుఖం అలవాటయ్యాక జాగ్రత్త పోయింది. నెలకి మార్చాల్సిన జతని ఇంకా బాగానే ఉందిగా అని లాగించేవాణ్ణి. మధ్యాహ్నం భోజనం చేసి కుర్చీలో కునుకు తీసేటప్పుడు కూడా తీసేవాణ్ణి కాదు. బ్యాగులో ఒక కళ్ళజోడు ఉంచుకోమని సుధ ఎన్నిసార్లు చెప్పిందో. ఉంచుకుంటే ఏ రోజో పెట్టుకోవాల్సి వస్తుందని ఉంచుకోలేదు.

ఇంకొకటి. మా గ్రైండింగ్ షెడ్డు గోడమీద ఒక బోర్డు ఉంది. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకున్నవారు లోపలికి రాకూడదు అని దానిమీద రాసి ఉంటుంది. అది రాయించి మేకు కొట్టించింది నేనే. మొత్తం షెడ్డులో ఆ బోర్డు వర్తించే మనిషినీ నేనే.

ఫిబ్రవరి

రత్నం అప్ప గురించి చెప్పకపోతే ఇది అర్థం కాదు. ఇక్కడివాళ్ళు అక్కని అప్ప అంటారు. గేటు లోపల బల్ల వేసుకుని టీ అమ్మే ఆవిణ్ణి మా మేస్త్రి సింహాద్రి మొదలుకుని అందరూ అప్పా అనే పిలుస్తారు, నేనూ అంతే. గాజువాక అవతల సముద్రం ఒడ్డున వాళ్ళ పల్లె. ఇంట్లో మగవాళ్ళు ఇప్పటికీ చేపల వేటకి వెళ్తారు. ఒడ్డున వలలు లాగేటప్పుడు ఇసక, చేపలు కోసేటప్పుడు పొలుసు కళ్ళల్లో పడడం మామూలట. దాన్ని తీసే విద్య ఆమెకి తల్లి నుంచి వచ్చింది. పైరెప్ప తిరగేసి నాలుక కొసతో ఒక్కసారి తుడిచి, నలుసుని అరచేతిలో ఉమ్మి, ఇదిగో అని చూపిస్తుంది. అది కళ్ళారా చూస్తే గానీ పడ్డవాడికి మంట తగ్గినట్టు అనిపించదు. దీనికి ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోదు, పుచ్చుకుంటే గుణం పోతుందంటుంది.

మావాళ్ళు గాగుల్స్ పైకి తోసేసి గ్రైండింగ్ చేస్తారు, ఇనుపరజను కంట్లో పడగానే ఫస్ట్ ఎయిడ్ గది మానేసి టీ బల్ల దగ్గరికి పరిగెడతారు. నేను ఈ షెడ్డులో చేరిన నాటినుంచీ దీనిమీద యుద్ధం చేస్తున్నాను. నాలుకమీద క్రిములుంటాయి, కన్ను పోతుంది అని పొద్దున ఉపన్యాసంలో చెప్పేవాణ్ణి. ఆవిడతో కూడా చెప్పాను. "నా నాలిక్కి ఇసముంటే ముందు నానే సచ్చిపోదును కదా బాబూ" అని నవ్వి, టీ గ్లాసు చేతిలో పెట్టింది.

ఫిబ్రవరి చివర్లో ఒకరోజు మధ్యాహ్నం కునుకు తీసి లేచాను. కళ్ళు ఆరిపోయి గరగరలాడుతున్నాయి. కుడికన్ను నులుముకుంటూనే గ్రైండింగ్ షెడ్డులో అడుగుపెట్టాను. లెన్సు మడత పడి పైరెప్ప కిందకి దూరిపోయింది. కళ్ళవెంట ధారగా నీళ్ళు. సింహాద్రి చూసి గ్రైండరు ఆపించాడు.

"ఏటి సారూ, నలుసు పడ్డాదా?"

లెన్సు అనాలి. రెండక్షరాలు. చుట్టూ మావాళ్ళు నిలబడి ఉన్నారు, వాళ్ళ వెనక గోడకి నా బోర్డు వేలాడుతోంది. లెన్సు అంటే ఆ బోర్డు, దానితో పాటు రోజూ పొద్దున నేను వాగే వాగుడంతా మట్టిలో కలిసిపోతుంది. అంతకంటే లోపల ఇంకో భయం ఉంది, ఇప్పుడు రాయడానికే ముఖం చెల్లడం లేదు. ఇంత వయసొచ్చినా మళ్ళీ ఎవరో సోడాబుడ్డి అంటారని భయపడ్డాను.

నలుసే అన్నాను.

ఇంక నా చేతుల్లో ఏమీ లేదు. నన్ను టీ బల్లముందు కూర్చోబెట్టారు. రత్నం అప్ప చేతులు తుడుచుకుంటూ వచ్చింది. సారుకి గూడా అప్పే దిక్కయ్యింది బావా అని ఎవరో అంటే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఫస్ట్ ఎయిడ్ గదికి వెళ్తానని ఒక్క మాట అంటే సరిపోయేది. వెళ్తే కన్ను కడుగుతారు, ఆసుపత్రికి పంపుతారు, లెన్సు బయటపడుతుంది. అందుకని తల వెనక్కి వాల్చాను.

"కదలక బాబూ, తీసీత్తాను" అంది. వెచ్చగా నాలుక తగిలింది. అరచేతిలో ఉమ్మి చూసుకుంది. ఏమీ లేదు. మళ్ళీ తీసింది, మళ్ళీ లేదు. ఆమె ముఖంలో రంగు మారింది. ఇంతమంది ముందు తన విద్య తప్పడం ఆమెకి ఎన్నడూ జరగలేదనుకుంటాను. ఇంకా ఉందా అని అడిగింది. ఉంది కదా మరి, ఉందన్నాను. ఈసారి చీర కొంగు కొసని మెలిపెట్టి రెప్పకింద గట్టిగా తిప్పింది. ప్రాణం పోయినంత పనైంది. పోయిందప్పా, పోయింది అని లేచి నిలబడ్డాను. ఆమె మాత్రం ఖాళీ అరచేతిని చూసుకుంటూ, ఏటీ రాలేదే అని గొణుక్కుంటూ ఉండిపోయింది.

బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకుని, రెప్ప కిందకి దిగిన లెన్సుని బయటికి తీశాను. సాయంత్రం దాకా పని ఉంది. కళ్ళజోడు ఇంట్లో ఉంది. లెన్సు లేకపోతే మనిషెవరో గోడేదో తెలియదు. ట్యాంకు నీళ్ళు వచ్చే కుళాయి తిప్పి, దానికింద లెన్సుని రుద్ది కడిగి, మళ్ళీ కంట్లో పెట్టుకున్నాను.

మార్చి

మర్నాటికి కన్ను ఎర్రబడింది. ఆ మర్నాటికి తెరవలేకపోయాను. లోపల ఎవరో గాజుపెంకు పెట్టి కుడుతున్నట్టు నొప్పి. కిటికీ పరదా సందులోంచి వచ్చే సన్నటి వెలుతురుకే తల బద్దలయ్యేది. సుధ తను పాఠాలు చెప్పే బడికి సెలవు పెట్టి నన్ను ఆటోలో కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

ఆ ఆసుపత్రి వరండాని జన్మలో మరచిపోను. బెంచీలనిండా ఒక కంటికి గుడ్డ కట్టుకున్న మనుషులు. సగంమంది ఆటోనగర్ వాళ్ళే, వెల్డర్లు, గ్రైండర్లు, లేతు మిషను మీద పనిచేసేవాళ్ళు. వాళ్ళ మధ్య నల్లద్దాలు పెట్టుకుని తలవంచుకుని కూర్చున్నాను. పక్కన కూర్చున్నతను నన్ను గుర్తుపట్టాడు. అంతకుముందు మా షెడ్డులో పనిచేసి మానేశాడట. గాగుల్స్ పెట్టుకోలేదని ఒకరోజు నేను అతన్ని ఇంటికి పంపేశానట. నాకు గుర్తు లేదు. "మీక్కూడా పడ్డాదా సారూ" అని జాలిగా అడిగి, తన దగ్గరున్న చల్లటి నీళ్ళ సీసా ఇచ్చాడు. నన్ను పిలిచినప్పుడు గోడలకి తగలకుండా చెయ్యి పట్టుకుని తలుపుదాకా నడిపించాడు. అతనికి నిజంగానే ఇనుపరజను పడింది. నాకు ఏం పడిందో అతనికి చెప్పలేదు.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. లైటు వేసి చూసి, నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ మొదలైంది అంది. మా అమ్మ తరం వాళ్ళు కంట్లో పువ్వు వేసింది అంటారే, అది. లెన్సులు పెట్టుకుంటారా, వాటితో నిద్రపోయారా అని అడిగింది. ఒప్పుకున్నాను. ఇంకేం జరిగిందని అడిగితే నాలుక సంగతి చెప్పాను. అది చెప్పడం తేలికగా ఉంది, ఎందుకంటే ఆ పని చేసింది ఇంకొకరు. నీళ్ళేమైనా తగిలాయా అని కూడా అడిగింది. పక్కన సుధ ఉంది. కుళాయి కింద లెన్సు కడిగి పెట్టుకున్నానని ఆమె ముందు చెప్పలేక లేదన్నాను.

ఆ ఒక్క మాట విలువ నాకు అప్పుడు తెలియదు.

గంటగంటకీ చుక్కలు వెయ్యమన్నారు. సుధ ఫోనులో అలారం పెట్టుకుని వేసేది. అమ్మ ఉక్కునగరం నుంచి వచ్చి నందివర్ధనం పూలు కళ్ళమీద పెడతానంది, ఎదురింటి బాలింతని అడిగి చనుబాలు తెస్తానంది. కంటికి ఏదీ తగలకూడదత్తయ్యా అని సుధ. మేం పెట్టినప్పుడు ఎవరికీ కళ్ళు పోలేదమ్మా అని అమ్మ. ఇద్దరూ గొంతు తగ్గించి వంటింట్లో పోట్లాడుకుంటుంటే నేను కళ్ళు మూసుకుని వింటూ ఉండేవాణ్ణి. చివరికి ఇద్దరూ ఒకచోట కలిశారు. ఎవరో చేపలవాళ్ళావిడ ఎంగిలి నాలుక పెట్టి కన్ను పాడుచేసింది అని అమ్మ అంది. సుధ కాదనలేదు. ఆ ఎంగిలి అన్న మాటలో ఏముందో నాకు బాగా తెలుసు. చుట్టాలు ఫోను చేసినప్పుడల్లా అమ్మ అదే కథ చెప్పేది. నేను దుప్పటి ముఖం మీదకి లాక్కునేవాణ్ణి.

ఏప్రిల్

చుక్కలు వేస్తున్నా మచ్చ పెరుగుతోంది. మూడోసారి చూసినప్పుడు డాక్టరమ్మ సుధని మందులు తెమ్మని బయటికి పంపి, కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది.

"చూడండి, ఇది ఈ మందులకి లొంగాల్సిన పద్ధతిలో లొంగడం లేదు. నేను తప్పు వైపు వెతుకుతున్నానేమో తెలియాలి. మీరు నాకు ఏదైనా చెప్పలేదా?"

అప్పుడు చెప్పాను. ట్యాంకు నీళ్ళు, కుళాయి, మళ్ళీ పెట్టుకున్న లెన్సు. ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. కాయితం మీద రాసుకుంటూ, ఇది మొదటిరోజే చెప్పుంటే బాగుండేదండీ అని మాత్రం అంది. నీళ్ళల్లో బతికే ఒక రకం క్రిమి ఉంటుందట. లెన్సుతో పాటు కంట్లోకి వెళ్తే వదలదట. దానికి మందులే వేరు. మళ్ళీ పరీక్ష చేశారు, అదే అని తేలింది. నాలుక వల్ల ఏమైనా అయ్యుంటుందా అని అడిగాను. కొంగు రాపిడికి గీత పడి ఉండొచ్చు, కానీ ఈ క్రిమి వచ్చింది నీళ్ళల్లోంచి అంది. కుడికన్నుకి చూపు దక్కుతుందా అని అడిగాను. కొత్త మందు మొదలుపెడదాం, ఎంత దక్కుతుందో మచ్చ ఎండాక గానీ చెప్పలేనంది.

ఆ సాయంత్రం సింహాద్రి ఫోను చేశాడు. నా కన్ను పాడైంది రత్నం అప్ప నాలుక వల్లేనని ఓనరుగారు ఆవిణ్ణి పిలిచి కేకలేశారట. బల్ల గేటు బయటికి మార్పించారట. ఆవిడ ఎదురు చెప్పలేదట. ఆ తరవాత ఎవరు కన్ను పట్టుకుని పరిగెత్తుకొచ్చినా, "నాను ముట్టనురా బాబూ, లోపలికెల్లి కడిగించుకో" అని ముఖం తిప్పేసుకుంటోందట. కుర్రాళ్ళంతా ఇప్పుడు బుద్ధిగా ఫస్ట్ ఎయిడ్ గదికే వెళ్తున్నారట.

"ఇన్నాళ్ళకి మీ మాట నెగ్గింది సారూ" అన్నాడు, నన్ను సంతోషపెడదామని.

తప్పు ఆవిడది కాదని అప్పుడే చెప్పొచ్చు. డాక్టరమ్మ చెప్పి పూట కూడా కాలేదు. కానీ సింహాద్రితో చెప్పాలంటే లెన్సు సంగతి చెప్పాలి, లెన్సు దగ్గర్నుంచి బోర్డు, బోర్డు దగ్గర్నుంచి కుళాయి. సరే సింహాద్రీ ఉంటాను అని ఫోను పెట్టేశాను.

ఎండాకాలం

ఆ ఎండాకాలమంతా చీకటి గదిలో గడిచింది. కొత్త చుక్కలు నిప్పులా మండేవి. ఫ్యాను తిరిగే చప్పుడు, వీధిలో ముంజెలమ్మే మనిషి కేక, సుధ అడుగులు, ఇవే నా లోకం. పనివాళ్ళు ఇద్దరు ముగ్గురు చూడ్డానికి వచ్చారు. ఒకసారి పచ్చి చేపలు, ఇంకోసారి రొయ్యలు తెచ్చారు. రత్నం అప్ప పంపిందని చెప్పారు. తను ఎందుకు రాలేదని అడిగితే, ఏ ముఖం పెట్టుకుని వస్తాదండీ అన్నారు. అమ్మ ఆ చేపల్ని ఇంట్లో వండనివ్వలేదు, పక్కింటివాళ్ళకి ఇచ్చేసింది. నేను చూస్తూ ఊరుకున్నాను.

కుళాయి సంగతి సుధకి ఒకరోజు డాక్టరమ్మ మాటల్లోనే తెలిసిపోయింది.  ఇంటికొచ్చి చుక్కలు వేస్తూ, నన్ను చూసి కూడా సిగ్గుపడాలా నువ్వు అంది. ఆ తరవాత వారం రోజులు అవసరమైన మాటలే మాట్లాడింది. మందు మాత్రం ఒక్క గంట కూడా తప్పలేదు.

మెల్లగా ఎరుపు తగ్గింది, నొప్పి తగ్గింది. మచ్చ ఎండింది. కానీ అది ఉండకూడని చోట ఉంది, చూపుకి సరిగ్గా ఎదురుగా. కళ్ళజోడు పెట్టుకుని ఎడమకన్ను మూస్తే, ఎదురుగా మనిషి ఉన్నట్టు తెలుస్తుంది. ఆ మనిషి ఎవరో తెలియదు. కొన్నాళ్ళు ఆగి, అవసరమైతే ఆపరేషను సంగతి చూద్దామని డాక్టరమ్మ చెప్పింది. సుధకి బడులు తెరిచారు కాబట్టి ఆ రోజు ఒక్కణ్ణే వెళ్ళాను.

ఇంటికి రాగానే ఏమన్నారని సుధ అడిగింది. ఇన్ని నెలల్లో మొదటిసారి ఆమె ముఖంలో ఆశ చూశాను. బాగానే కనిపిస్తోంది, ఇంకా మెరుగవుతుందన్నారు అని చెప్పాను. ఆమె ఏడ్చేసింది, సంతోషంతో. అమ్మ సింహాచలం వెళ్ళి మొక్కు తీర్చుకుంది. ఓనరుగారు పనిలోకి వచ్చే ముందు కళ్ళ పరీక్ష చేయించుకు రమ్మంటే, పరీక్ష గదిలో ఎడమకంటితో గోడమీది అక్షరాలు ముందే చదివేసుకుని, కుడికంటి వంతు వచ్చినప్పుడు అప్పజెప్పేశాను. రోగం తగ్గిందని అందరూ అనుకున్నారు. ఆ గదిలోంచి బయటికొచ్చి మెట్లమీద కూర్చున్నప్పుడు నామీద నాకే అసహ్యం వేసింది.

వానలు మొదలయ్యాక

పనిలో చేరిన రోజు లావుపాటి కళ్ళజోడు పెట్టుకుని మోటారు సైకిలు మీదే వెళ్ళాను. కుడివైపునుంచి వచ్చే ఆటోలు మీదకి వచ్చేదాకా కనిపించలేదు. గేటు బయట టార్పాలిన్ కింద రత్నం అప్ప బల్ల ఉంది. వాన సన్నగా పడుతోంది. ఆమె నన్ను చూసి నిలబడింది. చిక్కిపోయింది. కళ్ళజోడు గురించి ఏమీ అనలేదు. గేటు దగ్గర నిలబడ్డ సింహాద్రి కూడా ఏమీ అనలేదు. నన్ను ఇన్నేళ్ళు భయపెట్టిన మాట ఆ రోజు ఒక్కరి నోటా రాలేదు.

బల్లముందు కూర్చున్నాను. టీ పోసి ఇచ్చి, ఆమె దూరంగా నిలబడింది. ఇంతకుముందు భుజంమీద చెయ్యి వేసి మాట్లాడే మనిషి. ఇప్పుడు చేతులు వెనక్కి పెట్టుకుంది.

చెప్పేశాను. మొదటినుంచీ, లెన్సు దగ్గర్నుంచి కుళాయి దాకా, డాక్టరమ్మ ఏప్రిల్‌లో అన్న మాట దాకా. సింహాద్రి వింటున్నాడని తెలిసే చెప్పాను. ఆమె కదలకుండా విన్నది. లెన్సు అంటే ఏమిటో రెండుసార్లు అడిగి తెలుసుకుంది.

"మరైతే ఆరోజు నాను తీస్తన్నాననుకున్నది నలుసు కాదన్నమాట" అంది.

"కాదప్పా."

"నీకు తెలిసే ఇంకా ఉందన్నావు."

"అవును."

ఆమె టార్పాలిన్ మీద నిలిచిన నీళ్ళని కర్రతో పైకి తోసి కిందకి వొంపింది. తరవాత నా ఎదురుగా వచ్చి కూర్చుని, ఇప్పుడు కన్ను ఎలాగుందని అడిగింది. అలవాటైన మాట నోటికి వచ్చేసింది. బాగానే కనిపిస్తోందన్నాను.

ఆమె లేచి, ఏమీ అడక్కుండా, నా కళ్ళజోడు కింద చెయ్యి దూర్చి ఎడమకన్ను మూసింది. ఆ అరచెయ్యి అల్లం వాసన వేస్తోంది.

"నా సేతిలో ఏటుందో సెప్పు."

ఎదురుగా బూడిదరంగు మసక. అందులో ఏదో కదిలింది. టీ అమ్మే మనిషి చేతిలో గ్లాసు కాక ఏముంటుంది, గ్లాసని చెప్పేస్తే సరిపోయేది. నాలుక చివరిదాకా వచ్చింది.

"తెలియడం లేదప్పా. నువ్వు కూడా కనిపించడం లేదు."

ఆమె చెయ్యి తీయలేదు. 

"మీ ఇంటావిడికి తెలుసా?"

"తెలియదు. బాగైపోయిందని చెప్పాను."

"నీ కన్ను కోసం ఇన్నాల్లూ నానొక్కద్దాన్నే ఏడిసినాను బాబూ" అంది. "ఆయమ్మని గూడా ఏడవనీ. ఎల్లు."

మోటారు సైకిలు తాళం సింహాద్రి చేతిలో పెట్టాను. అతను ఆటో పిలిచి ఎక్కించాడు. నేను పనిలో చేరే రోజని సుధ బడికి సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. తలుపు తీసి, అప్పుడే వచ్చేశావేమిటని కంగారుపడింది. ఆమెని నా ఎదురుగా కూర్చోమని, ఎడమకంటిని నా చేత్తో నేనే మూసుకుని, ఆమె ముఖంలో నాకు ఏది కనిపిస్తోందో, ఏది కనిపించడం లేదో చెప్పడం మొదలుపెట్టాను.